లోపలి పిడి లేని తలుపు

“అతను లేచి వెళ్లేటప్పుడు ఫోను వెంట తీసుకెళ్లాడా, బల్ల మీదే వదిలేశాడా?”

డిటెక్టివ్ ఆ మాట అడగడం ఇది రెండోసారి. ఎదురుగా కూర్చున్న టీచరమ్మ చేతిరుమాలుని పిండి పిండి తాడులా చేసింది.

“ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు మేడమ్. తినే ముందు దాంతోనే మా నలుగురికీ ఫొటో తీశాడు. తర్వాత మంచినీళ్ల జగ్గుకి ఆనించి పెట్టాడు. ఆ తర్వాత నేను దాన్ని చూళ్లేదు.”

“తాళం వేసుకునే అలవాటుందా, ఫోనుకి?”

“పిచ్చుకకా? వాడి ఇంటికే సరిగ్గా తాళం వెయ్యడు.”

అంది టీచరమ్మ. బడిలో ఉన్నప్పుడు పుల్లలా ఉండేవాడని పెట్టిన పేరు. ఇప్పుడు ఆరడుగుల మనిషి, లిఫ్టు మెకానిక్. గంటన్నర క్రితం ఈ హోటల్‌లో చేపలూ ఐస్‌క్రీమూ గడ్డకట్టించి ఉంచే చలిగదిలోంచి అతన్ని కట్టెలా బిగుసుకుపోయిన స్థితిలో బయటికి మోశారు. ఊపిరి ఉంది. స్పృహ లేదు.

హోటల్ షట్టరు సగానికి దించి ఉంది. కిందనుంచి వచ్చే వెలుగు నేల మీదే ఆగిపోయింది. నలుగురు తిన్న బల్ల అలాగే ఉంది: చేప ముళ్లు, కొరికి వదిలేసిన రొట్టె, పక్కన బోర్లించిన నాలుగు ఐస్‌క్రీమ్ కప్పులు. గల్లాపెట్టె దగ్గర హోటల్ ఓనరు తన కుర్చీలో తానే దొంగలా ముడుచుకుని కూర్చున్నాడు. అతనూ ఆ నలుగురిలో ఒకడే. నెలకోసారి స్నేహితులు తన హోటల్‌కే వచ్చి భోంచెయ్యాలని పట్టుబట్టేది అతనే. షట్టరు దగ్గర కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. బయటికి వెళ్లడానికి ఎవరికీ వీల్లేదు.

నాలుగో మనిషి, ఇంజనీరు, అక్కడ లేడు. చలిగదిలో పిచ్చుకని చూసి కేక పెట్టిందీ, భుజాన వేసుకుని బయటికి లాగిందీ, అంబులెన్సులో వెంట వెళ్లిందీ అతనే.

డిటెక్టివ్ ఇక్కడికి కేసు వెతుక్కుంటూ రాలేదు. పొద్దున పిచ్చుకే ఆమెకి ఫోన్ చేశాడు. “రేపు లిఫ్టు కేసు విచారణలో నేను సాక్ష్యం చెప్పాలండీ. మధ్యాహ్నం మా వాడి హోటల్లో నా వాళ్లతో భోజనం ఉంది. ముందు వాళ్ల చెవిన వేస్తాను. వెనకనుంచి పొడిచాడని రేపు నన్ను అనకూడదు కదా. నాలుగింటికి మీరక్కడికే రండి, అన్నీ చెప్తాను” అన్నాడు. ఆమె నాలుగింటికి వచ్చింది. వచ్చేసరికి అంబులెన్సు వెళ్లిపోయింది, పోలీసులు దిగారు.

“భోజనాల్లో ఏం చెప్పాడు?” అని అడిగింది.

టీచరమ్మ ఓనరు వైపు చూసింది. ఓనరే అందుకున్నాడు.

“పోయిన నెల లిఫ్టు తెగిపడి ఒకావిడ చనిపోయింది కదండీ. దాన్ని మోసే ఇనప తీగ అరిగిపోయిందని నేను ముందే మొత్తుకున్నాను, అయినా నడపమన్నారు, రేపు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను అన్నాడు. ఎవరు నడపమన్నారో మాత్రం చెప్పలేదు. మీరు అడక్కముందే నేనే చెప్తున్నా, ఆ బిల్డింగు మా అన్నయ్యది. లిఫ్టు బాగుందని సంతకం పెట్టింది మా ఇంజనీరు. పిచ్చుక ఆ మాట అనేసరికి మా ఇద్దరికీ ముద్ద గొంతులో అడ్డం పడింది.”

“గొడవ పడ్డారా?”

“లేదండీ, అదే వింత. ఇంజనీరు లేచి వాడి భుజం తట్టి, నిజం చెప్పెయ్‌రా, మనసు తేలికవుతుంది అన్నాడు. నేనే నోరు జారాను. మా అన్నని జైలుకి పంపి నా ఇంట్లో ఎలా తింటావురా అన్నాను.” ఓనరు అరచేత్తో మొహం రుద్దుకున్నాడు. “వాడు నవ్వి, సరే, ఐస్‌క్రీమ్ తిని మాట్లాడుకుందాం, నేనే పట్టుకొస్తా అని లోపలికి వెళ్లాడు. మా దగ్గర వాడికి ఎప్పుడూ అంతే, సొంతిల్లే.”

“అప్పుడు టైమెంత?”

“రెండు దాటింది. వంటవాళ్లు భోజనాలకి మేడ మీదికి వెళ్లే వేళ. నేను గల్లాపెట్టె దగ్గరికొచ్చా. ఈవిడకి బడి నుంచి ఫోనొస్తే వీధిలోకి వెళ్లింది. ఇంజనీరు చేతులు కడుక్కోడానికి వెళ్లాడు.”

“అంటే కాసేపు ఎవరూ ఎవరి కంటా పడలేదు. తర్వాత?”

టీచరమ్మ తన ఫోను తీసి ముందుకి జరిపింది. పిచ్చుక నంబరు నుంచి సందేశం, రెండుంపావుకి. ‘అర్జెంటు పని పడింది, వెళ్తున్నా.’ దాని కింద ఆమె అడిగింది, ‘కోపమా?’ అని. వెంటనే జవాబు, ‘లేదు.’ మళ్లీ మూడుకి పది నిమిషాల ముందు ఇంకొకటి, ‘నా కోసం చూడకండి.’

“మీరు నమ్మారా?”

“నమ్మాం. కోపం వచ్చిందనుకున్నాం. ఐస్‌క్రీమ్ ఎవరికీ తినబుద్ధి కాలేదు. మూడు దాటాక లేచి బయటికొస్తే వాడి బండి అక్కడే ఉంది. వెతుకుదాం అన్నాను. నువ్వు వీధి చివరిదాకా చూడు, నేను లోపల చూస్తాను అన్నాడు ఇంజనీరు.”

డిటెక్టివ్ ఓనరు వైపు తిరిగింది. “మధ్యలో మీరు చలిగది వైపు వెళ్లారా?”

“రెండున్నరకి వెళ్లానండీ, మంచినీళ్ల సీసాల కోసం. దాని ముందునుంచే నడిచా. తలుపు వేసే ఉంది.” అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “వాడు లోపల ఉన్నాడు. నేను అడుగు దూరంలో సీసాలు లెక్కపెట్టుకుంటున్నా. తలుపు ఇంత మందం. వాడు అరిచే ఉంటాడు.”

అప్పుడే వంటింటి తలుపు తోసుకుని ఇన్స్పెక్టరు వచ్చాడు. డిటెక్టివ్‌ని చూడగానే అతని మీసం ఒక పక్కకి వంగింది.

“మేడమ్, మీరింకా ఇక్కడే ఉన్నారా?”

కానిస్టేబులు నవ్వు దాచుకోవడానికి షట్టరు వైపు తిరిగాడు. ఇన్స్పెక్టరు ఆమెకి స్వయానా చెల్లెలి మొగుడని స్టేషన్‌లో తెలియనివాళ్లు లేరు. ఇంట్లో వదినా అని పిలిచే నోటితో డ్యూటీలో మేడమ్ అనడం అతనికి పంటి కింద రాయి. ఆమె ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాక అతను మూసేసిన కేసులు రెండు మళ్లీ తెరుచుకున్నాయి. అది ఇంకో రాయి.

“ఇక్కడ చూడాల్సిందేం లేదు. ఆత్మహత్యాయత్నం. లోపలినుంచి తలుపు తెరిచే పిడిని స్క్రూడ్రైవరుతో వాడే ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. పిడీ స్క్రూడ్రైవరూ రెండూ వాడి జేబులోనే దొరికాయి. ఫోనూ జేబులోనే ఉంది. ఎవరూ వెతక్కుండా లోపల కూర్చునే సందేశాలు పంపాడు. రేపు విచారణలో తప్పంతా తన మీదికి వస్తుందని భయం. అంతే.”

“నాతో పొద్దున మాట్లాడినప్పుడు అతనిలో భయం లేదు.”

“మీకు ఫోన్లో మనసులు కూడా కనిపిస్తాయా?”

“కనిపించవు. అందుకే గది చూస్తానంటున్నా.”

ఇన్స్పెక్టరు ఆమెని కాసేపు చూశాడు. కాదంటే రాత్రి భోజనం దగ్గర ఏం వినాల్సి వస్తుందో లెక్కేసుకున్నట్టున్నాడు. “సరే. చూడండి. చూసి మీరే ఒప్పుకుందురుగాని.” కానిస్టేబులుకి వేలు చూపించి, “నేను పిలిచేదాకా వంటింట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. ఎవరైనా సరే, ఎందుకైనా సరే” అన్నాడు.

వంటింటి చివర, గిన్నెలు తోమే తొట్టి పక్కన, చలిగది. మందపాటి రేకు తలుపు, దానంతటదే మూసుకునే రకం. మూసుకుపోకుండా కింద ఖాళీ సీసాల ట్రే అడ్డం పెట్టారు. లోపల ఒక బల్బు, పైన హోరుమనే ఫ్యాను, గోడల పొడుగునా అరలు. ఊపిరి వదిలితే పొగలా లేస్తోంది. ఇద్దరూ లోపలికి రాగానే స్టేషన్ నుంచి ఇన్స్పెక్టరు ఫోను మోగింది; తర్వాత చేస్తానని పెట్టేశాడు.

తలుపు లోపలి వైపు, పిడి ఉండాల్సిన చోట వేలు కూడా దూరని చిన్న కన్నం ఉంది. డిటెక్టివ్ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసింది. కన్నం చుట్టూ రేకు మీద సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి. వాటిలో ఎండిన రక్తం.

“ఇవి చూశావా?” కానిస్టేబుళ్లు దగ్గర లేరు కాబట్టి గౌరవం పక్కన పెట్టేసింది.

“చూశాను వదినా. చావబోయేవాడికి ఆఖర్న ప్రాణం తీపి గుర్తొస్తుంది. బయటపడాలని గీకాడు.”

“దేంతో?”

“గోళ్లతో. వేళ్లు చిట్లిపోయి ఉన్నాయి. నేనే చూశా.”

“లిఫ్టు మెకానిక్. ఇరుక్కుపోయినవాళ్లని బయటికి తియ్యడమే అతని బతుకు. జేబులో స్క్రూడ్రైవరూ ఉంది, పిడీ ఉంది. అవి తీసి బిగించుకోకుండా గోళ్లతో ఎందుకు గీకాడు?”

“చలికి బుర్ర పనిచెయ్యలేదు.”

“గీకడానికి పనిచేసిన బుర్ర జేబులో చెయ్యి పెట్టడానికి పనిచెయ్యలేదా? ఆ రెండూ అప్పటికి అతని జేబులో లేవు. తర్వాత ఎవరో పెట్టారు.”

“ప్రతిదాంట్లోనూ మీకో హంతకుడు కావాలి.” అతని గొంతు పెరిగింది. “నేను మూసిన ఫైలు తెరవకపోతే మీకు అన్నం సహించదు. ఇంట్లో మీ చెల్లెలు, బయట మీరు. నేను తలెత్తుకు తిరగనక్కర్లేదా?”

“తలెత్తుకో. కాస్త కిందకి కూడా చూడు.”

ఆ మాటకి అతనికి తిక్క రేగింది. విసురుగా వెనక్కి తిరిగాడు, బూటు సీసాల ట్రేకి తగిలింది, ట్రే బయటికి జారిపోయింది. డిటెక్టివ్ చెయ్యి చాచే లోపు తలుపు మెల్లగా, పెద్ద చప్పుడేమీ లేకుండా మూసుకుంది. బయట గొళ్లెం పడిన శబ్దం మాత్రం ఇద్దరికీ వినిపించింది.

ఇన్స్పెక్టరు తలుపుని భుజంతో తోశాడు. రెండోసారి పరిగెత్తుకొచ్చి తోశాడు. పిడికిళ్లతో బాదాడు. కానిస్టేబులుని పేరు పెట్టి పిలిచాడు, తర్వాత తిట్టి పిలిచాడు. ఆ గోడలు అన్నీ మింగేశాయి.

“వస్తాడు,” అన్నాడు రొప్పుతూ. “వస్తాడు.”

“ఎందుకైనా సరే రావద్దన్నావు.”

“పిడి...”

“కవర్లో వేసి బయట బల్ల మీద పెట్టావు.”

అతను కన్నంలోకి పెన్ను దూర్చి చూశాడు. పెన్ను మధ్యలోకి విరిగింది. ముక్క కన్నంలోనే ఇరుక్కుంది. దాన్ని గోటితో లాగబోయాడు. అంతలో తను ఏం చేస్తున్నాడో తనకే తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రేకు మీద పాత గీతల పక్కన తన గోటి గీత ఒకటి కొత్తగా తెల్లగా మెరుస్తోంది.

చలి ముందు చెవుల్ని పట్టుకుంది. తర్వాత పళ్లని. ఆమె చీర కొంగు తలకి చుట్టుకుని అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

“కూర్చోకు. నడు.”

“నాకు చిన్నప్పటినుంచీ మూసిన గదులంటే పడదు వదినా.” అతను ఆ మాట గోడతో చెప్పినట్టు చెప్పాడు. “లిఫ్టు కూడా ఎక్కను. మీ చెల్లెలికి తప్ప ఎవరికీ తెలీదు.”

“ఇప్పుడు నాకు తెలిసింది. ఎవరికీ చెప్పనులే. నడు.”

నడిచారు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. పక్కపక్కన నడవడానికి చోటు లేక ఒకరి వెనక ఒకరు. అతని మీసం మీద తెల్లటి పొడి పేరుకుంది. కాసేపటికి తన యూనిఫాం కోటు విప్పి మాటాపలుకూ లేకుండా ఆమె భుజాల మీద వేశాడు. ఆమె తీసి మళ్లీ అతనికే కప్పింది. అతను ఇంకోసారి ఇవ్వబోతే కళ్లెర్రజేసింది. పాపం పిచ్చుక గంటకు పైగా పల్చటి చొక్కాతో ఇక్కడున్నాడు అనుకుంది. అవతల మిత్రులు నవ్వుకుంటూ ఉంటారనుకుని ఉంటాడు. ఎవరో ఒకరు ఐస్‌క్రీమ్ ఏదని వస్తారని ఎదురు చూసి ఉంటాడు.

“ఫోను,” అన్నాడు ఇన్స్పెక్టరు ఉన్నట్టుండి. “మతి పోయింది. ఫోనుంది కదా.”

జేబులోంచి తీశాడు. కానిస్టేబులు నంబరు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ నొక్కాడు. చెయ్యి పైకెత్తి గది నాలుగు మూలలా తిరిగాడు. ఆమె తన ఫోను తీసి చెల్లెలికి రెండు ముక్కల సందేశం రాసి పంపింది. అది వెళ్లలేదు. పక్కన చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

ఆమె నడక ఆగిపోయింది.

“మరిదీ, తలుపు తెరిచున్నప్పుడు నీ ఫోను మోగింది కదూ, ఇక్కడ నిలబడ్డప్పుడు?”

“మోగింది. స్టేషన్ నుంచి.”

“ఇప్పుడు రెండు ఫోన్లూ చచ్చాయి. తలుపు మూస్తే ఇది ఇనప్పెట్టె. ఇందులోంచి సందేశం బయటికి పోదు.”

ఇన్స్పెక్టరు తన ఫోను కేసి చూశాడు, ఆమె ఫోను కేసి చూశాడు. ఎంత పట్టుదల ఉన్నా అతను తెలివి తక్కువవాడు కాదు. “తలుపు వెయ్యకముందే పంపుంటాడు,” అన్నాడు. గొంతులో బలం లేదు.

“రెండున్నరకి ఓనరు చూశాడు, తలుపు వేసి ఉంది. మూడుకి పది నిమిషాల ముందు సందేశం వచ్చింది, నా కోసం చూడకండి అని. అది పంపినప్పుడు పిచ్చుక లోపల ఉన్నాడు. ఫోను బయట ఉంది.”

“బల్ల మీద వదిలి వెళ్లాడు,” అన్నాడతను మెల్లగా. “ఎవడో తీసుకున్నాడు.”

“ఊఁ. చెప్పు.”

“తీసుకున్నవాడే పంపాడు. తర్వాత ఆ ఫోను వాడి జేబులో దొరికింది. పిడి, స్క్రూడ్రైవరు, ఫోను. మూడూ ఒక్కసారే జేబులోకి వెళ్లాయి. అంటే మన కంటే ముందు, అందరి కంటే ముందు, ఈ తలుపు తీసి లోపలికి వచ్చి...”

అక్కడ ఆగిపోయాడు. చలికి కాదు.

“వచ్చి పని కానిచ్చి, ఆ తర్వాతే కేక పెట్టాడు,” అని ఆమె పూర్తి చేసింది. “పిడి ముందే ఊడదీసి పెట్టుకున్నాడు, ఐస్‌క్రీమ్‌కి లేచేది ఎప్పుడూ పిచ్చుకేనని తెలుసు. నువ్వు వీధి చూడు, నేను లోపల చూస్తానన్నాడు ఇంజనీరు. చచ్చిపోయుంటాడనుకునే వచ్చుంటాడు. ఊపిరి ఉందని జనం వచ్చాక తెలిసింది. అప్పుడిక భుజాన వెయ్యక తప్పలేదు.”

“వదినా.” ఇన్స్పెక్టరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. “ఆస్పత్రిలో ఒక కానిస్టేబుల్ని పెట్టాను. ఆత్మహత్య కేసే కదా, స్నేహితుడున్నాడుగా అని అరగంట క్రితం వెనక్కి పిలిచేశాను.”

ఆమె తిట్టి ఉంటే అతనికి కొంచెం బాగుండేది. ఇద్దరూ కలిసి తలుపు మీద పడ్డారు. బాదారు, తన్నారు, అరలోంచి గడ్డకట్టిన చేపని తీసి దాంతో మోదారు. ఆమె అరచేతులకి స్పర్శ పోయింది. ఒక దశలో అతను ఇంకా బాదుతూనే ఉన్నాడు గాని చప్పుడు వినిపించడం లేదు. కాస్త కూర్చుంటే హాయిగా ఉంటుందన్న ఆలోచన ఆమెకి తియ్యగా తోచింది. అది ప్రమాదమని తెలుసు. తెలిసీ గోడకి ఆనుకుంది.

తలుపు తెరుచుకుంది.

ఎదురుగా ఓనరు. అతని వెనక కానిస్టేబులు బెదురు చూపులతో ఉన్నాడు.

“నా తప్పేం లేదు సార్. మీ ఇంటి నుంచి అమ్మగారు హోటల్ నంబరుకి చేశారు. మీ ఇద్దరి ఫోన్లూ ఎంతసేపటికీ అందట్లేదట. ఎక్కడో కొట్టుకుంటూ ఉంటారు, వెళ్లి విడదియ్యండి అన్నారు. మీరు రావద్దన్నారని నేను ఆలోచిస్తుంటే ఈయన నన్ను తోసుకుని వచ్చేశాడు.”

“తలుపు వేసి ఉండటం చూశాను,” అన్నాడు ఓనరు. ఆమెని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి పొయ్యి ముందు కూర్చోబెట్టాడు.

ఇన్స్పెక్టరు కూర్చోలేదు. పొయ్యి వైపు చూడనైనా చూడలేదు. ఆస్పత్రి నంబరు కలిపి, పెదాలు సరిగ్గా తిరగక ఫోను ఆమెకి అందించాడు. నర్సు ఎత్తింది.

“చలికి బిగుసుకుపోయి వచ్చిన పేషెంటు ఎలా ఉన్నాడమ్మా?”

“ఇప్పుడే కాస్త కదిలాడండీ. కళ్లు తెరిచాడు. మేమే ఆశ్చర్యపోయాం. మాట కూడా వచ్చింది. తలుపు వెయ్యొద్దు, తలుపు వెయ్యొద్దు అని ఒకటే కలవరింత.”

“ఇప్పుడతని పక్కన ఎవరున్నారు?”

“ఆ ఇంజనీరు గారేనండీ. ఎంత మంచి మనిషో. వచ్చినప్పటినుంచి పక్కనుంచి కదల్లేదు. మనుషుల్ని చూసి బెదురుతున్నాడు, నేనొక్కణ్ణే ఉంటాను అని మమ్మల్ని బయటికి పంపించారు.”

“లోపలికి వెళ్లమ్మా. ఇప్పుడే. ఫోను పెట్టకుండా వెళ్లు. ఇంకో ఇద్దర్ని తీసుకెళ్లు.”

చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు మీద వేళ్లతో కొట్టిన శబ్దం. తర్వాత అరచేత్తో.

“లోపల గడియ పెట్టుకున్నారండీ,” అంది నర్సు. ఆమె గొంతు మారిపోయింది. “పిలుస్తుంటే పలకట్లేదు.”